మంత్రిగారు పోగొట్టుకున్న వాచీ

ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా బడికెళ్లే ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఆరు విలువలు అందజేస్తామని విలువల శాఖ మంత్రిగారు ప్రకటించారు. మొదటి విడతలో నిజాయితీ ఇస్తారు. దయ, క్రమశిక్షణ వగైరాలు లభ్యతను బట్టి తర్వాత. సభలోని వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూర్చుని కొట్టినవాళ్లెవరో శాఖవారు గమనించారని తర్వాత తెలిసింది.

ఇంతటి పథకం ప్రారంభానికి మా బడిని ఎంచుకోవడం మా అదృష్టం. గేటు ముందు మంత్రిగారి కారు తిప్పుకోవడానికి చోటుంది. నిజాయితీ నేర్పే బాధ్యత నాకప్పగించారు. నేను డ్రాయింగు మాస్టర్ని. లెక్కలవాళ్లకీ సైన్సువాళ్లకీ సిలబస్ ఉంది, నాకు తీరిక ఉంది. పైగా ఏళ్ల తరబడి టెంపరరీగానే ఉన్నాను.

"మంత్రిగారి విజిట్ సవ్యంగా జరిగితే మిమ్మల్ని పర్మనెంట్ చేయిస్తాను మాస్టారూ" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"జరక్కపోతే మేడమ్?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు.

సాయంత్రం బడి వదిలే గంట కొట్టగానే నిజాయితీ మొదలయ్యేది. పద్ధతి శాఖ డైరెక్టరు గారిది. పోయిన వస్తువు తెచ్చిచ్చిన పిల్లలకి స్టారు, ఎక్కువ స్టార్లు వచ్చిన బడికి షీల్డు. మొదట్లో ఫలితాలు నిరాశ కలిగించాయి. ఎవరికీ ఏమీ పోలేదు. అప్పుడు టీచర్లందరూ తలో వస్తువు పోగొట్టుకోవాలని హెడ్మిస్ట్రెస్ గారు సర్క్యులర్ వేశారు.

ఇక పథకం పుంజుకుంది. పిల్లలు ఎంత చురుగ్గా తయారయ్యారంటే, వస్తువు పోయేదాకా ఆగడం మానేశారు. లెక్కల మాస్టారి కళ్లజోడు ఆయన ముక్కు మీద ఉండగానే దొరికింది. సైన్సు టీచరు గారి చెప్పులు ఇద్దరు పిల్లలకి చెరొకటీ దొరికాయి. తనిఖీకి వచ్చిన డైరెక్టరు గారికి సొంత కారు తాళాలు అందజేస్తే ఆయన కరిగిపోయారు.

"జేబులోనే ఉన్నాయయ్యా ఇవి! అయినా తెచ్చిచ్చారంటే ఏమనాలి వీళ్లని!"

ఒక్క స్టారైనా రానిది కందిరీగ ఒక్కతే. ప్రశ్నలతో కుడుతుందని ఐదో తరగతిలోని ఆ పిల్లకి స్టాఫ్‌రూమ్ పెట్టిన పేరది.

"ఏమే, నీకేమీ దొరకలేదా?" అన్నాను.

"ఎవరికీ ఏమీ పోలేదు కదా సార్?" అంది. పిల్ల వెనకబడిపోతోందని నాకు బెంగ పట్టుకుంది.

ప్రారంభోత్సవం ఎలా జరగాలో డైరెక్టరు గారు వివరించారు. మంత్రిగారు వరండాలో నడుస్తూ వాచీ జారవిడుస్తారు. ఒక పాప తీసి "సార్, మీ వాచీ" అని ఇస్తుంది. మంత్రిగారు పాపని ఎత్తుకుంటారు, కెమెరాలు పనిచేస్తాయి. మంత్రిగారికి నడుం నొప్పి కాబట్టి పాపని బరువు చూసి ఎంపిక చేయాలి. బడి మొత్తం మీద తేలికైనది కందిరీగే.

"వాచీ మంత్రిగారు తెచ్చుకుంటారా సార్?" అన్నాను.

"మంత్రిగారి వాచీ కింద పడేస్తామా! గీతలు పడవూ?" అన్నారు డైరెక్టరు గారు, నా చేతికేసి చూస్తూ.

స్టాఫంతా సెల్‌ఫోన్లో టైము చూసుకునేవాళ్లే. చేతికి వాచీ ఉన్నది నాకే. మా నాన్నది. రోజూ కీ ఇవ్వాలి, అద్దం మీద నాలుగు అంకె దగ్గర చిన్న బీట ఉంది. ఆస్పత్రి మంచం మీద ఆయనే విప్పి నా చేతికి పెట్టారు. అది లేకపోతే నాకు చెయ్యి లేనట్టే ఉంటుంది. గుండ్రాలు గీయడం నేర్పేటప్పుడు పిల్లలందరిచేతా దాని బొమ్మే వేయిస్తాను. కందిరీగ బీటతో సహా వేస్తుంది.

"ఒక్క పూటే మాస్టారూ, సాయంత్రం మీది మీకిచ్చేస్తాం. నిజాయితీ పథకం కదండీ!" అన్నారు డైరెక్టరు గారు.

ఇచ్చాను.

రిహార్సల్లో డైరెక్టరు గారే మంత్రి అయ్యారు. కందిరీగ వాచీ తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఇది మీదా సార్?"

"ఇప్పుడు నాదే."

"ఎప్పట్నుంచి?"

"ప్రశ్నలొద్దమ్మా. ఎవరి వస్తువు వాళ్లకిచ్చెయ్, అంతే!"

"సరే సార్" అంది కందిరీగ.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు నిజాయితీ గురించి అనర్గళంగా మాట్లాడి, వరండాలోకొచ్చి వాచీ జారవిడిచారు. కందిరీగ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గౌనుకి తుడిచింది. చాచి ఉన్న మంత్రిగారి చేతుల పక్కనించి నడిచి, గోడవారగా నిలబడ్డ నా దగ్గరికి వచ్చింది.

"సార్, మీ వాచీ. ఆగలేదు, ఆడుతూనే ఉంది."

కెమెరాలన్నీ నా వైపు తిరిగాయి. వరండాలో కిటికీ లేకపోయినా హెడ్మిస్ట్రెస్ గారు బయటికి చూశారు.

"మాస్టారూ, ఇది మీదా?" మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"కాదండీ, తమదే" అన్నాను. తడబడలేదు.

మంత్రిగారు వాచీ పెట్టుకున్నారు. బీట మీద వేలితో నిమిరారు. "ఇది మా నాన్నగారి గుర్తు. ఇదే పోయుంటే ఏమైపోయేవాణ్ణి!" అని కళ్లొత్తుకున్నారు. విలేకరులు కూడా ఒత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను, నా కారణాలు నాకున్నాయి.

కారు తిరిగింది. డైరెక్టరు గారి వెంట పరుగెత్తాను. "సార్, వాచీ..."

"మంత్రిగారి వాచీ సంగతి మీకెందుకండీ?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇచ్చిన మాట ప్రకారం నన్ను పర్మనెంట్ చేశారు. ఉత్తమ విలువల బోధకుడని శాలువా కూడా కప్పారు. మంత్రిగారి సొత్తును వేరొకరికి అందజేయబోయినందుకు కందిరీగకి నిజాయితీలో స్పెషల్ కోచింగ్ వేశారు. బోధకుణ్ణి నేనే.

మొదటి సాయంత్రం క్లాసులో ఇద్దరమే. 'నిజాయితీ' అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, చాక్‌పీసు పొడి దులుపుకున్నాను. కందిరీగ ఏ ప్రశ్నా వేయకుండా బుద్ధిగా కూర్చుంది. చాలాసేపటికి చెయ్యెత్తింది.

"టైమెంతయింది సార్?"

అలవాటుగా చెయ్యెత్తి చూసుకున్నాను.