ఫోటో దిగకుండా తుపాకీ చూసినవాడి గతి

హలో! ఆఁ, హలో... వినిపిస్తోందా? ఆ టీవీ సౌండు కాస్త తగ్గించండి. పొయ్యి మీద పాలుంటే దించి రండి, నేను లైన్లోనే ఉంటాను. వచ్చారా? అయితే వినండి.

మ్యూజియానికి వెళ్లినప్పుడు పాతకాలం తుపాకుల్ని కళ్లతో చూడడం మహా ప్రమాదం! ఫోనుతోనే చూడాలి. అది కూడా మన మొహం ముందు పడాలి. భుజం వెనక తుపాకీ ఓ మూల పడితే సంతోషం, పడకపోయినా నష్టం లేదు. సెల్ఫీ అనేది మనకు దొరికిన వరం. దాన్ని తిట్టేవాళ్లకు లోకజ్ఞానం లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. మా చినబాబు కూడా నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

చినబాబంటే ఎవరో కాదు, మన భిలాయ్ శివారు హథ్‌ఖోజ్‌లో చిన్న లేత్ షెడ్డు నడుపుకుంటూ సెక్టర్ 2లో కాపురం ఉండే మనిషి. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. చినబాబు తన షెడ్డులో తయారైన సామాను తనే ప్లాంటు లోపలికి తీసుకెళ్లి బిగించి వస్తాడు. లోపలికి వెళ్లాలంటే గేట్ పాస్ కావాలి. పాస్ కావాలంటే పోలీస్ వెరిఫికేషన్ కావాలి. ఉన్న పాస్ ఈ నెలాఖరుతో సరి. కొత్తది రాకపోతే పని లేదు, పని లేకపోతే షెడ్డుకు తాళం. ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి చాలు.

పోయిన నెల చినబాబు, భార్య భాగ్యరేఖ, బావమరిది సురేశ్, ముగ్గురూ రైలెక్కి ఓ పాత రాజావారి కోట చూడ్డానికి వెళ్లారు. కోటలో మ్యూజియం, మ్యూజియంలో తుపాకుల హాలు. వత్తి అంటించి పేల్చేవి, ఒంటె మీద కూర్చోబెట్టి పేల్చేవి, చేతికర్రలో దాచి పేల్చేవి, ఎన్ని రకాలు కావాలంటే అన్ని రకాలు! మనిషిని చంపడానికి మనిషి ఎంత ఓపికగా ఆలోచించాడో చూస్తే కళ్లు తిరగాల్సిందే.

ఎవరి కళ్లయినా తిరిగాయా? అబ్బే! జనం అంత తెలివితక్కువ వాళ్లు కాదు.

ఒకాయన కుటుంబాన్నంతా ఫిరంగి ముందు వరసగా నిలబెట్టాడు. ఫోటోలో ఫిరంగి లేదు, మరదలి పట్టుచీర బ్రహ్మాండంగా పడింది. ఒకావిడ అత్తగారికి వీడియో కాల్ చేసి నవాబుల పిస్తోలు చూపించింది. అటునుంచి అత్తగారేమో, మీరంతా తిన్నారా లేదా అని అడిగింది. ఒక కుర్రాడు రీలు తీసుకుంటూ గాజు అద్దంలో చూసుకుని జుట్టు సవరించుకున్నాడు. ఆ అద్దం వెనకున్న తుపాకీ ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో పాపం, ఇవాళ దువ్వెన పక్కన అద్దంలా పనికొచ్చింది. ఇంతకంటే శాంతి ఏం కావాలండీ?

ప్రతి తుపాకీ పక్కనా దాని కథ రాసిన బోర్డు ఉంది. ఎవరో కష్టపడి రాశారు. ఒకాయన దానికి వీపు ఆనించి చిప్స్ ప్యాకెట్ పూర్తి చేశాడు. బోర్డులు ఉండవలసింది ఇందుకే కదా!

మన చినబాబు ఒక్కడే అనాగరికంగా ప్రవర్తించాడు. ఫోను జేబులోంచి తీయలేదు! ఒక పొడుగాటి తుపాకీ ముందు నిలబడి బోర్డు చదివాడు. మళ్లీ తుపాకీ చూశాడు. మళ్లీ బోర్డు చదివాడు.

"ఏటే, ఇలగ రా," అన్నాడు భార్యతో. "రాజుగారి పేరు రాసినారు. ఆయనెక్కిన ఏనుగు పేరు కూడా రాసినారు. దీని ముందు నిలబడి సచ్చిపోయినోడి పేరేదీ?"

"ఆయన మీకు సుట్టమేటి? పదండి, క్యాంటీన్ మూసెత్తారు," అంది భాగ్యరేఖ.

"బావా, ఇటు తిరుగు. ఒక్క ఫోటో," అన్నాడు సురేశ్.

"ఎందుకురా? కళ్లున్నాయి కదా!" అని నవ్వాడు చినబాబు.

ఎంత పొగరో చూశారా? ఆ నవ్వు చూసి గార్డు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఫోను తీయకుండా అంతసేపు తుపాకీనే చూస్తున్నాడంటే దొంగతనానికి వచ్చాడనే కదా అర్థం! గార్డును తప్పుపట్టలేం. అతని సర్వీసులో అలా చూసిన మనిషి తగల్లేదేమో.

మొగుణ్ని అక్కడి నుంచి కదిలించడానికి భాగ్యరేఖే ఉపాయం చేసింది. గుమ్మం దగ్గర దుకాణంలో అలాంటిదే కర్రతో చేసి నల్లరంగు పూసిన బొమ్మ తుపాకీ కొనిపించింది. "ఇంటికాడ నిలబడి తీరిగ్గా సూసుకుందురు గాని," అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది.

మన భిలాయ్‌లో ఆ రోజు ఇనుమనేది బొట్టు లేకుండా ఉండకూడదు. లేత్ కడిగి బంతిపూల దండ వేస్తాం, సుత్తికి బొట్టు, స్పానర్‌కి బొట్టు, చివరికి స్విచ్ బోర్డుకీ బొట్టే. బొట్టు తప్పిన పనిముట్టు ఏడాదంతా అలుగుతుందని మన నమ్మకం. చినబాబు ఊరుకుంటాడా? బొమ్మ తుపాకీని కూడా తెచ్చి లేత్ మీద పెట్టాడు.

"అది కర్ర కదా బావా!" అన్నాడు సురేశ్.

"పేరుకి ఆయుధమే కదరా. అందరికీ బొట్టెట్టి దీన్నొక్కదాన్నీ ఒగ్గేత్తే ఏటి బాగుంటాది?"

పూజయింది, బూందీ పంచారు. సురేశ్ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు: "బావ షెడ్డులో కొత్త ఆయుధం."

ఆ తరువాత ఫోటో ప్రయాణం మొదలైంది. ఎవరో పుణ్యాత్ముడు పక్కలు కత్తిరించాడు. విశ్వకర్మ పటం పోయింది, పూలదండ పోయింది, బూందీ పళ్లెం పోయింది. లేత్ మిగిలింది, తుపాకీ మిగిలింది. కింద "హథ్‌ఖోజ్‌లో దొంగ తుపాకుల తయారీ" అని చేరింది. పక్క ఊరు కుమ్హారి చేరేసరికి ఒక తుపాకీ వంద తుపాకులైంది. తిరిగి సెక్టర్ 2కి వచ్చేసరికి హిందీ నేర్చుకుని, పిల్లల్ని అటు పంపొద్దని హెచ్చరిక కూడా తగిలించుకుని వచ్చింది. మ్యూజియంలో ఇన్నేళ్లు మూలపడి ఉన్న తుపాకీకి ఇంత తిరుగుడు ఎవరు ఇవ్వగలరు? ఫోను కాదూ!

అది చివరికి చినబాబు ఫోనుకే వచ్చింది. "అయ్యబాబోయ్, మన హథ్‌ఖోజ్‌లోనా!" అని నలుగురికీ పంపబోయాడు. అప్పుడు ఫోటోలో మేకుకు వేలాడుతున్న చొక్కా కనిపించింది. ఆ చొక్కా అతని ఒంటి మీదే ఉంది.

మర్నాడు షెడ్డుకు ఒక హవల్దారు, ఒక కానిస్టేబులు వచ్చారు.

"క్యా బనా రహే హో ఇధర్?" అని, ఇక్కడేం తయారు చేస్తున్నావని నిలదీశాడు హవల్దారు.

"బుషింగ్ సాబ్. మషీన్ కా సామాన్," అన్నాడు చినబాబు. గబగబా కుర్చీ తుడిచి వేశాడు. వెరిఫికేషన్ కాగితం ఇదే ఠాణాలో ఉంది మరి.

"ఔర్ యే బందూక్?"

"ఖిలౌనా హై సాబ్. మ్యూజియం సే లాయా," అని, అది బొమ్మేనని చెప్పుకున్నాడు చినబాబు.

"అచ్ఛా? మ్యూజియం కా ఫోటో దిఖావ్."

ఎక్కడుంది ఫోటో! ఈయన కళ్లతో చూసొచ్చాడు కదా, మహానుభావుడు!

"మ్యూజియం గయే ఔర్ ఫోటో నహీఁ ఖీంచా?" హవల్దారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఐసా కౌన్ కర్తా హై భాయ్?"

సురేశ్ పరుగున వచ్చి తన ఫోను తెరిచాడు. మ్యూజియం ఫోటోలు బోలెడున్నాయి. అన్నింట్లోనూ సురేశే ఉన్నాడు.

భాగ్యరేఖ ఇక ఆగలేకపోయింది. తుపాకీ అందుకుని లేత్ అంచు మీద ఒక్క బాదు బాదింది. ఫట్‌మని రెండు ముక్కలైంది. లోపల పచ్చటి కర్ర.

"దేఖో భయ్యా! లకడీ!"

"అరే దీదీ, సబూత్ తోడ్ దియా!" అని, సాక్ష్యం విరిగిపోయిందని గొల్లుమన్నాడు కానిస్టేబులు.

హవల్దారు ముక్క వాసన చూసి పకపకా నవ్వాడు. మడమ ఉన్న ముక్కను భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, కానిస్టేబులు చేత ఫోటో తీయించుకున్నాడు. సాయంత్రానికి అది ఆయన స్టేటస్‌లో ఉంది. లైకులే లైకులు! అది ఏ ఫ్యాక్టరీ అని ఒక్కరూ అడగలేదు.

హమ్మయ్య అనుకుంటున్నారా? తొందరపడకండి. ఠాణాలో ఏమన్నారో తెలుసా? కేసేమీ లేదు, కానీ మొహల్లాలో పేరు పాడైంది, ఇరుగుపొరుగు మంచి మాట చెబితేనే వెరిఫికేషన్ కదులుతుంది అన్నారు. ఇరుగుపొరుగును అడిగారు. పక్క క్వార్టర్ వాసుదేవరావు గారు, రైల్వేలో రిటైరైన పెద్దమనిషి, "ఆద్మీ అచ్ఛా హై, లేకిన్ కుఛ్ సునా హై" అని, అంటే మనిషి మంచివాడే గానీ ఏదో విన్నానని, సెలవిచ్చారు.

చినబాబు ఆయన గుమ్మంలోకి వెళ్లాడు.

"ఏటి బాబాయ్, పూజకి నువ్వొచ్చినావు కదా! బూందీ తిన్నావు. ఆ తుపాకీ పట్టుకుని, 'తేలిగ్గా ఉందిరా, కర్రేనా?' అనడిగినావు!"

"అడిగానురా, కాదన్నానా?"

"మరి?"

"ఫోటోలో మరోలాగుంది కదరా. ఇంతమంది పంపినారు. అబద్ధమైతే అంతమంది పంపుతారేటి?"

చేత్తో పట్టుకుని చూసిన మనిషి ఆయన! మ్యూజియం దాకా వెళ్లనక్కర్లేదు, గోడ పక్కనున్న మనిషిని కూడా ఇప్పుడు ఫోనులోనే చూస్తున్నాం.

విరిగిన ముక్కల ఫోటో సురేశ్ అన్ని గ్రూపుల్లోనూ పెట్టాడు. దానికి ఒక బొటనవేలు, ఒక గుడ్ మార్నింగ్ గులాబీ వచ్చాయి. అది కుమ్హారి దాకా కాదు కదా, సెక్టర్ దాటి కూడా పోలేదు. అబద్ధానికి ఉన్న కాళ్లు మీరిచ్చినవే కదండీ? దీనికి ఒక జత ఇస్తే మీ సొమ్మేం పోతుంది? నెలాఖరు దగ్గరకొచ్చేసింది. చినబాబు షెడ్డు తలుపు రోజూ తీస్తున్నాడు, ఊడుస్తున్నాడు, మూస్తున్నాడు.

అందుకని ఫోను పెట్టేసేముందు ఒక్క సాయం అడుగుతాను, ఇదంతా రాసి మీ ఫోనుకే పంపుతున్నాను. ఆ ఫోటో మీ చేతుల మీదుగా ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ ఈ కథ కూడా పంపండి. ముఖ్యంగా హథ్‌ఖోజ్, కుమ్హారి వాళ్లకి. చదివి పంపితే మంచిదే. చదవకపోయినా పర్వాలేదు, చదవకుండా పంపడం మీకు కొత్తేమీ కాదుగా!