గున్నయ్య ఎడమ బొటనవేలు

రెండువేల ఒకటి డిసెంబరులో ఒక ఉదయం, పూండి దగ్గరి ఒక ఊళ్లో గున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ట్రాక్టరు మీద కాశీబుగ్గ వెళ్లడం, రిజిస్ట్రారు ఆఫీసులో ఎడమ బొటనవేలి ముద్ర వేయడం, తన జీడితోటకు దారిగా పనికొచ్చే ఎనిమిది సెంట్లు సొంతం చేసుకుని అన్నం వేళకు ఇంటికి రావడం. అమ్ముతున్నది రిటైరైన గుమాస్తా వైకుంఠరావు. ఆయన ఇప్పటికి మూడుసార్లు మనసు మార్చుకున్నాడు. రేపటి నుంచి మూఢం కాబట్టి ఆపైన రెండు నెలలు ఏ కాగితమూ ముట్టనని చెప్పేశాడు. రెండు నెలల్లో ఆ మనసు ఎన్ని మలుపులు తిరగగలదో గున్నయ్యకు తెలుసు.

ట్రాక్టరు ముసలిది. బ్యాటరీ ఉండాల్సిన పెట్టెలో కోడి గుడ్లు పెడుతోంది. ముందువైపు హేండిలు దూర్చి తిప్పితేనే ఇంజను స్టార్టవుతుంది. గున్నయ్యది ఎడమచేతి వాటం. ముప్పయ్యేళ్లుగా ఆ చేత్తోనే, పిడికిలి నిండా పట్టి తిప్పుతున్నాడు. ఆ రోజు సాక్షి సంతకానికి వచ్చిన బావమరిది రామూర్తి సైన్సు మాస్టారు కావడం వల్ల చిక్కొచ్చింది.

"ఆగు బావా! బొటనేలు అలా సుట్టకు. హేండిలు రివర్సు కొడితే ఇరిగిపోతాది. నాలుగు వేళ్ల పక్కనే దాన్నీ పెట్టు. గేరు న్యూట్రల్లో ఉందా? ఆ స్పార్కు మీట ఎనక్కి లాగావా? కిందనుంచి పైకి లాగాల, పైనుంచి కిందకి తొయ్యకూడదు. ముందా కండువా తీసీ."

"ముప్పయ్యేళ్లనుంచి తిప్పుతన్నాను. ఇప్పుడేటి కొత్త పాఠం?"

"ఇయ్యాల ఇరిగితే ముద్దర దేంతో ఏత్తావు?"

గున్నయ్య తన వేలిని మొదటిసారి చూసుకున్నాడు. అంతవరకూ అది ఐదింటిలో ఒకటి. ఇప్పుడు ఎనిమిది సెంట్ల ఆస్తి. ఒక అవయవాన్ని మనసు గుర్తుపట్టిన క్షణం నుంచి అది పని మానేసి పెద్దమనిషిలా ప్రవర్తిస్తుంది. వేలు లోపల పెడితే భయం, బయట పెడితే పట్టు లేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"నువ్వింక దాన్ని ముట్టుకోకు" అని భార్య బొడ్డమ్మ ముందుజాగ్రత్తగా ఆ వేలికి పసుపు గుడ్డ చుట్టేసింది. జాగ్రత్తకూ గాయానికీ కట్టు ఒకేలా ఉంటుందని ఆమెకు తట్టలేదు. నీళ్లకు వెళ్తున్న పక్కింటి అప్పలనరసమ్మకు మాత్రం అన్నీ తట్టాయి. బోరింగు దగ్గర "ఏలు నలిగిపోనాదట." టీకొట్టు దగ్గర "తెగిపోనాదట." ఆ కబురు వైకుంఠరావు వాకిట్లోకి చేరేసరికి అసలు చెయ్యే లేదు.

వైకుంఠరావు పరుగున వచ్చాడు. ముఖంలో విచారం, నడకలో హుషారు.

"ఎంత ఘోరం గున్నయ్యా! ఈ స్థితిలో రిజిస్ట్రేషనేటి? మూఢం పోనాక సూద్దాం."

"ఏలికేటీ అవలేదు బాబూ!" అని గున్నయ్య కట్టు విప్పాడు. పచ్చగా, నిండుగా ఉన్న ఆ వేలిని చూశాక వైకుంఠరావు విచారం నిజమైంది.

"మరి బండి తియ్యవేం?"

తిప్పేవాడు లేడు. గున్నయ్యకు నిషేధం. రామూర్తికి సిద్ధాంతం తెలుసు. సిద్ధాంతం తెలిసినవాళ్లకు సాధారణంగా నడుంనొప్పి ఉంటుంది. వైకుంఠరావు నవ్వాడు. అవతలివాడికన్నా ఒక మెట్టు పైనున్నానని చూపించుకునే అవకాశం వస్తే మనిషి తన లాభాన్ని కూడా మరిచిపోతాడు.

"ఏలిముద్రోడికి ఏలే ప్రాణం! సంతకం పెట్టేవాడికేటి భయం?" అంటూ కుడి పిడికిలి బిగించాడు.

"బాబూ, బొటనేలు... ఆ మీట..." అన్నాడు రామూర్తి.

"నాకు సెప్తావేటి మాస్టారూ?"

పైనుంచి కిందకి బలంగా తోశాడు. హేండిలు వెనక్కి తన్నింది. తర్వాత ఆయన వేసిన కేకలో ఆఫీసు భాష ఒక్క ముక్క లేదు. కుడి బొటనవేలు చూస్తుండగానే వంకాయంత అయింది.

"పది దాటిపోనాది. తప్పుకోండి" అంది బొడ్డమ్మ. పొద్దుటినుంచి తమ్ముడి పాఠం విన్నది ఆమె ఒక్కతే. గేరు చూసింది, కొంగు బిగించింది, మీట వెనక్కి లాగింది, బొటనవేలిని మిగతా వేళ్ల పక్కన పెట్టి కిందనుంచి పైకి ఒక్కసారి లాగింది. ఇంజను స్టార్టయింది.

డాక్టరు కాశీబుగ్గలోనే ఉన్నాడు కాబట్టి వైకుంఠరావు తానే ముందు ట్రాక్టరు ఎక్కాడు. విరగలేదని, బెణికిందని, పదిహేను రోజులు పెన్ను పట్టుకోవద్దని డాక్టరు చెప్పి కుడి చెయ్యంతా కట్టు కట్టేశాడు. నొప్పిలోనూ వైకుంఠరావు ముఖం వికసించింది.

"విన్నావు కదా. సంతకం కుదరదు. నేను కాదు, డాక్టరే అన్నాడు."

గున్నయ్య కొంచెం ఆలోచించాడు. "ఎడం బొటనేలు బాగానే ఉంది కదేటి బాబూ?"

ముద్ర వేసే మనిషికి కాగితం చదివి వినిపించాలన్నది పద్ధతి. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు లేఖరి వైకుంఠరావును ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు పేజీలూ ఒక్కో మాట విడమరిచి, గట్టిగా చదివాడు. తన ముద్ర వేసేసిన గున్నయ్య వేలికి సిరా తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"అర్థమయిందా పెద్దాయనా?" అని లేఖరి అడిగాడు.

వైకుంఠరావు తలూపాడు. ఆ దస్తావేజుకు చిత్తు రాసిచ్చింది ఆయనే.