కోడి భత్యం

మొక్కజొన్న మర పైకప్పు కొట్టుకుపోయిన వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు మా ఊరి ఆరోగ్య కేంద్రం షిరే ఏటికి రెండు ఒడ్డుల్లోనూ అత్యంత సుశిక్షిత ఆరోగ్య కేంద్రంగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు ఉత్తినే రాలేదు. మా నర్సమ్మ తియామికె గోడకు తగిలించిన సర్టిఫికెట్లే అందుకు సాక్ష్యం. మలేరియా మీద శిక్షణ, కలరా మీద శిక్షణ, చేతులు కడుక్కోవడం మీద శిక్షణ, చేతులు కడుక్కోవడం నేర్పేవాళ్లకు నేర్పే శిక్షణ. అన్నిటికన్నా కొత్తది, సిబ్బంది విధులకు గైర్హాజరు కావడాన్ని అరికట్టడం గురించి. దానికి ఆమె రెండు వారాలు వెళ్లింది.

కేంద్రం తలుపుకు తాళం ఉండేది గాని, కిటికీలోంచి సర్టిఫికెట్లు బాగానే కనబడేవి. జ్వరం వచ్చినవాళ్లు కిటికీ దగ్గర కాసేపు నిలబడి, మన జ్వరం గురించి ఇంత తెలిసిన మనిషి మనకు ఉందిగదా అని ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళ్లేవారు. కొందరికి తగ్గింది కూడా.

నాది పడవ. ఆమెను అవతలి ఒడ్డుకు దింపేదీ, తిరిగి తెచ్చేదీ నేనే. ఆ పిల్లలో వంక పెట్టడానికేమీ లేదు. జిల్లా నుంచి కబురొస్తే కాదనకూడదు. పైగా జీతం ఎప్పుడొస్తుందో జిల్లాకే తెలియదు. శిక్షణకు పోతే దినభత్యం, ప్రయాణ భత్యం, సంచీ, పెన్ను, మధ్యాహ్నం చికెను వస్తాయి. ఊళ్లో ఉండి పనిచేస్తే వచ్చేది పనే.

"ఈసారి దేనిమీదమ్మా?" అని ఒకసారి పడవలో అడిగాను.

"నాయకత్వం మీద, తాతా."

"ఎవరికి నాయకత్వం?"

ఆమె వెనక్కి తిరిగి ఒడ్డు మీద తాళం వేసిన కేంద్రాన్ని చూసి నవ్వింది. "అదింకా చెప్పలేదు" అంది.

నాకు ఇందులో ఒక్కటే చిక్కు. మా మనవరాలు ఫలెసికి తొలిచూలు. వానల్లో కంటుంది, అప్పుడు ఏరు నిండుగా ఉంటుంది. ఫలెసిని వాళ్లమ్మ నా పడవలోనే కన్నది, జిల్లా ఆసుపత్రికి పోతూ నడి ఏట్లో. ఆ రోజు మొసళ్లు మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. ప్రతి కాన్పుకూ వాటి మర్యాద మీద ఆధారపడటం నాకు ఇష్టంలేదు. కాన్పు రోజున నర్సమ్మ ఊళ్లో ఉండాలి, అంతే.

ఊరిపెద్ద బావోబాబు చెట్టు కింద సభ పెట్టాడు. జిల్లాకు విన్నపం పంపుదామన్నాడు. ఎండుచేపలమ్మే మా అక్క అలెఫా మూతి తిప్పింది.

"పంపండి. విన్నపాలు చదవడం ఎలాగో నేర్చుకోమని ఆ పిల్లనే పిలుస్తారు. ఇంకో వారం పోతుంది."

"మరేం చేద్దామంటావు?"

"పిల్ల పోయేది ఎక్కడికి? మీటింగుకి. మీటింగు ఎక్కడుంది? ఏటికి అవతల. దాన్ని ఇవతలికి తెచ్చుకోండి."

"మీటింగంటే భత్యం ఇవ్వాలమ్మా."

"ఊళ్లో కోళ్లకు కరువొచ్చిందా?"

"నా కోళ్ల జోలికి మాత్రం రావద్దు" అన్నాడు ఊరిపెద్ద.

"మీ కోళ్లు ముఖ్య అతిథికిలెండి."

"ముఖ్య అతిథి ఎవరు?"

"మీరే."

ఊరిపెద్ద లేచి నిలబడి, తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం ఏ త్యాగానికైనా తాను వెనుదీయనని ప్రకటించాడు.

బడి మాస్టారు శిబిరానికి పేరు రాశాడు: తల్లీబిడ్డల ఆరోగ్య రంగంలో క్షేత్రస్థాయి సిబ్బంది వృత్తి నైపుణ్యాభివృద్ధి శిక్షణా శిబిరం. చర్చిలో పాటలు పాడేవాళ్ల వెనక కట్టే తెర మీద ఇది మూడు వరసలు పట్టింది. ఫలెసి ఏ రోజు కంటుందో తెలియదు కనక, శిబిరం లక్ష్యం నెరవేరేదాకా సాగుతుందని కింద రాశాడు. చక్కెర డబ్బాల అట్టలు కోసి, పేర్లు రాసి, మెడలో వేసుకోవడానికి తాళ్లు కట్టాం. సీసాల్లో బోరింగు నీళ్లు నింపి మూతలు బిగించాం. సీసా నీళ్లు లేని చోట చదువు అబ్బదని నర్సమ్మే ఒకసారి చెప్పింది.

ఆరోగ్య కేంద్రం వరండాలోనే పెట్టాం కాబట్టి తాళం తీయక తప్పలేదు. తియామికె వచ్చింది. రోజుకొక కోడి, సాయంత్రానికి చేతికిస్తామన్నాం. జిల్లావాళ్ల భత్యం చేతికందడానికి ఒక పంట కాలం పడుతుంది. ఆమె ఇల్లు వరండాకు ఎదురుగానే ఉంది. అయినా ప్రయాణ భత్యం కింద ఎండుచేపలిచ్చాం. ఇవ్వకపోతే నిబంధనలకు విరుద్ధమన్నాడు మాస్టారు.

పొద్దున ప్రార్థన, పరిచయాలు, టీ. టీ తర్వాత ప్రాక్టికల్సు. ప్రాక్టికల్సంటే దగ్గేవాళ్లూ జ్వరమొచ్చినవాళ్లూ వరసలో వచ్చి కూర్చోవడం, తియామికె చూసి మందివ్వడం. వరద తర్వాత ఆమె ఊరంతటినీ ఒక్క రోజులో చూడటం అదే మొదలు. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"నాకిదంతా గుర్తుందే, తాతా" అంది.

"పోయే విద్య కాదమ్మా" అన్నాను.

ఇలాంటి మంచి పని దాగదు. కోళ్ల కబురు ఏరు దాటింది. మర్నాటికల్లా అవతలి ఊళ్ల నర్సులూ, మెడికల్ అసిస్టెంట్లూ ఒడ్డు మీద నిలబడి పడవకు చేతులూపుతున్నారు. వేరే శిక్షణల్లో ఇచ్చిన సంచులు భుజాన ఉన్నాయి. వాళ్ల వాళ్ల కేంద్రాలకు తాళాలు వేసే వచ్చారు. మా ఊరి శిబిరం వల్ల అరడజను ఊళ్లకు వైద్యం ఆగిపోయింది. ఒక శిబిరం విజయవంతమైందనడానికి ఇంతకన్నా గుర్తు లేదని మాస్టారన్నాడు.

ఆ వెనకే జిల్లా అధికారి కలింబుక గారు వచ్చారు. వెంట శిక్షకుడు ఇన్నొసెంట్. అతని చేతిలో తెల్ల కాగితాల బొత్తి, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల బల్ల. అధికారికంగా ప్రారంభం కాని శిబిరం చెల్లదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి ప్రారంభించారు. దుప్పటి పరిచిన బల్ల వెనక కూర్చున్న అధికారి గారు లేచి ఇలా సెలవిచ్చారు:

"మహాజనులారా. ఈ మారుమూల గ్రామం ఈనాడు ప్రసవాల విషయంలో దేశానికే నాయకత్వం వహిస్తున్నది. ప్రసవం అనేది ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. అందుకు భాగస్వామ్యం కావాలి. సమన్వయం కావాలి. అన్నిటికీ మించి ముందుచూపు కావాలి. ఈ శిబిరాన్ని ఇంతటితో ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను. నాకు ఇంకో శిబిరం ఉంది."

ఊరిపెద్ద తన వంతు కోళ్లను పోగొట్టుకున్నాడు. ముఖ్య అతిథి మారిపోయాడు గదా.

ఇన్నొసెంట్ అందర్నీ గుంపులుగా విడదీశాడు. ఒక్కో గుంపుకు ఒక్కో రంగు పెన్ను. చర్చనీయాంశం: కాన్పు సమయంలో గర్భిణికి నర్సు అందుబాటులో లేకపోవడానికి కారణాలు. అందరూ తలలు దగ్గరపెట్టి హోరాహోరీగా రాస్తున్నారు. దారులు బాగాలేవని ఒక గుంపు, ప్రజల్లో అవగాహన లేదని ఇంకో గుంపు. సరిగ్గా అప్పుడు ఫలెసికి నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లోంచి పరుగున వచ్చి వరండా మెట్టు మీద నిలబడ్డాను.

"మా పిల్లకు నొప్పులొస్తున్నాయి" అన్నాను.

"మంచి మాట చెప్పారు తాతగారూ. ప్రశ్నలూ సందేహాలూ ఆఖర్న తీసుకుంటాం" అన్నాడు ఇన్నొసెంట్.

"ప్రశ్న కాదు బాబూ. నొప్పులు."

అతను ఎంతో గౌరవంగా వేరే కాగితం మీద, తర్వాత చూడవలసినవి అన్న మాట కింద, నొప్పులు అని రాశాడు. ఎర్ర పెన్నుతో రాశాడు, అన్యాయం చెప్పకూడదు.

తియామికె పెన్ను పడేసి లేచింది. మెడలో అట్ట తీసి కుర్చీ మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా లోపలి గది తలుపు తీసి, "తీసుకురండి తాతా, నీళ్లు మరగబెట్టించండి" అంది. మిగతావాళ్లు కదల్లేదు. చర్చ మధ్యలో లేచిపోతే హాజరు పోతుందని వాళ్ల భయం. అప్పుడు మా అక్క వరండా మధ్యకొచ్చి నడుం మీద చేతులు పెట్టింది.

"అయ్యలారా, అమ్మలారా. లోపల ప్రాక్టికల్సు జరుగుతున్నాయి. వచ్చినవాళ్లకు ఇంకో కోడి."

షిరే ఏటి చరిత్రలో అంతమంది శిక్షితుల మధ్య పుట్టిన బిడ్డ ఇంకొకటి లేదు. మంత్రసాని పని తియామికె చేసింది. మిగతావాళ్లలో ఒకరు దీపం పట్టుకున్నారు, ఒకరు ఫొటోలు తీశారు, ఒకరు ఫలెసిని తన గుంపు అభిప్రాయం అడగబోయి తిట్లు తిన్నారు. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. తల్లి మొక్కజొన్న పిండితో వండిన న్సిమా ముద్ద, చేపల పులుసు అడిగి తిన్నది. ఇన్నొసెంట్ కాగితం మీద నొప్పులు అన్న మాట కొట్టేసి, శిబిరం లక్ష్యం నెరవేరినట్టు రాశాడు.

దాంతో అయిపోతుందనుకున్నాం. కాని ఆ నెల మా ఊళ్లో పుట్టిన బిడ్డ అదొక్కతే కావడంతో, మా ఊళ్లో నూటికి నూరు కాన్పులు నర్సు చేతిలోనే జరిగాయని జిల్లా పైకి రాసి పంపింది. పరిశోధకులు దిగారు. రాజధాని నుంచి కొందరు, సముద్రాల అవతల నుంచి కొందరు. కోడి రంగుకూ నర్సు హాజరుకూ సంబంధం ఉందా అని ఒకామె రెండు నెలలు మా అక్క గుడిసెలో ఉండి అడిగింది. మా కోళ్ల మీద రాసి ముగ్గురు డాక్టర్లయ్యారని విన్నాం. ఆ ముగ్గురిలో ఎవరికీ జ్వరం చూడటం రాదు.

ఇంతలో తియామికెను నమూనా నర్సుగా ప్రకటించారు. చూడవచ్చేవాళ్లకు నమూనా కనబడాలి కదా. కాబట్టి ఆమె ఇక కేంద్రం వదిలి ఏ శిక్షణకూ పోరాదని ఆదేశం వచ్చింది. ఆమె తాళం కప్పను కిటికీలో పెట్టి, తెల్లవారగానే తలుపు తీసి కూర్చునేది. మందులు కూడా వచ్చాయి. ఇన్నాళ్లకు మా ఊరికి మంచి రోజులొచ్చాయి.

అయితే వాటిని అనుభవించడానికి మాకు తీరిక లేదు. విజయం సాధించిన గ్రామస్థులు తమ అనుభవం నలుగురికీ చెప్పాలి. ఊరిపెద్దను సరస్సు ఒడ్డున హోటలుకు పిలిచారు, వచ్చాక ఆయన చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ అడగడం మొదలుపెట్టాడు. మా అక్క క్షేత్రస్థాయి వ్యూహకర్త అయింది. ఫలెసి ఆదర్శ మాత. దగ్గేవాళ్లు దగ్గు మీద, జ్వరమొచ్చినవాళ్లు జ్వరం మీద, అందరూ ఎక్కడో ఒకచోట మాట్లాడుతున్నారు. ఇంట్లో ఉన్నవాడు చేతగానివాడు.

చివరికి ఊరందర్నీ కలిపి ఏటి అవతల జిల్లా కేంద్రంలో అతిథి గృహానికి పిలిచారు. నన్ను కూడా. అది బిడ్డకు తొమ్మిదో నెల సూది వేయించవలసిన వారం. సూది తర్వాతయినా వేయించవచ్చు గాని దినభత్యం తర్వాత రాదని మా అక్క అంది. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకు తియామికె వచ్చింది. మంచు డబ్బా భుజాన వేసుకుని, ఎవరి పడవో పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో.

"రెండు రోజులుగా తలుపు తీసి కూర్చున్నాను, తాతా. ఈగలు కూడా రావడం లేదు. ఎక్కడ నా బిడ్డ?"

వంటింటి వెనక అరుగు మీద ఫలెసి ఒళ్లోనే బిడ్డకు సూది వేసింది. బిడ్డ ఏడ్చింది. భోజనం తర్వాత నిద్రమత్తు వదలడానికి ఆడించే ఆటేమోననుకుని హాల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. తియామికె బిడ్డను ముద్దు పెట్టుకుని, ఇంకెవరికైనా సూదులు వేయాలా అని మావాళ్లందర్నీ అడిగి, కావలసినవాళ్లకు వేసి, మంచు డబ్బా మూసింది. ఆమెకు టీ ఇవ్వలేదు. జాబితాలో పేరు లేదు.

"వస్తాను తాతా. కేంద్రం తలుపు తీసే ఉంది" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గుడ్లు, రొట్టె తిని, ప్రార్థనకు ముందే హాజరు వేయించుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఆ రోజు విషయం, ప్రజలు ఆరోగ్య కేంద్రానికి ఎందుకు రావడం లేదు. ఊళ్లో పెద్దవాణ్ణని మొదట నన్నే మాట్లాడమన్నారు. నేను లేచి, హాలునిండా కూర్చున్న మా ఊరివాళ్లందర్నీ ఒకసారి చూశాను. సమస్య చాలా లోతైనదనీ, రెండు మూడు రోజుల్లో తేలేది కాదనీ, కనీసం ఇంకో వారం పొడిగించాలనీ చెప్పి కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.