ఏడో నంబరు చొక్కాపై ఉన్నతస్థాయి విచారణ

"ఒక మహా క్రీడాకారుడి ఘనతను తేల్చే పనిని చరిత్రకు వదిలేసేంత బాధ్యత లేని ప్రభుత్వం కాదు మాది" అని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. పత్రికలవాళ్లు రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. ఇరవయ్యేళ్లుగా మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు స్కోరు రాసేవాణ్ని కావడంతో, విచారణ సంఘానికి గుమాస్తాగా నన్నే వేశారు.

తేలాల్సింది ఒక్కటే. ఆరున్నర అడుగుల పొడవుండటంతో అభిమానులు 'ఆరున్నర' అని ముద్దుగా పిలుచుకునే ఆటగాడు మా జట్టుకు ఎనిమిదేళ్లు ఆడి, మూడు కప్పులు గెలిపించి, తర్వాత పక్క ఊరి జట్టులో చేరాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. అతని ఏడో నంబరు చొక్కాను మా స్టేడియం పైకప్పుకు శాశ్వతంగా వేలాడదీయాలా, వద్దా?

సంఘానికి అధ్యక్షులు మంత్రిగారి బావమరిది. పశువుల డాక్టరుగా పనిచేసిన నిష్పక్షపాతి. ఈ ఆట ఒక్కసారి కూడా చూసి ఎరగరు.

"మొత్తం ఎన్ని గోల్స్ కొట్టాడయ్యా?"

"ఇందులో పాయింట్లండి. ఆరువేల నాలుగు వందలు."

"గోల్స్ సున్నా అని రాసుకో."

రాసుకున్నాను.

సాక్ష్యానికి కోచ్ మాస్టారు వచ్చారు. ఆరున్నరకు పదకొండో ఏట బంతి చేతికిచ్చింది ఆయనే.

"వాడు మనల్ని వదిలిపోలేదండి. మోకాలి ఆపరేషనై మంచం మీదుంటే, ఇక పనికిరాడని క్లబ్బే తీసేసింది. ఆ కాగితం తీసుకెళ్లి ఇచ్చింది నేనే. చదివి, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు."

"సంతకం ఎవరిది?"

"అప్పటి క్లబ్బు ప్రెసిడెంటుది. అంటే మన మంత్రిగారిదేనండి."

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సాక్షి ఆవేశపడ్డాడని రాసుకో."

మాస్టారు మంచినీళ్లు తాగుతున్నారు. రాసుకున్నాను.

నెల తిరక్కుండానే నివేదిక వచ్చింది. చొక్కా వేలాడదీయాలని మొదటి పేజీలోనే ఉంది. అంతవరకే చదివి మాస్టారు నన్ను వాటేసుకున్నారు. అక్కడికక్కడే ఆరున్నరకు ఫోన్ చేసి "నాన్నా, బయల్దేరి రారా" అన్నారు. రెండో పేజీ టైపు చేసింది నేనే. చెప్పడానికి నోరు రాలేదు.

సభరోజు స్టేడియం కిక్కిరిసింది. ఆరున్నర కొద్దిగా కుంటుతూ వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు. మంత్రిగారు తాడు లాగారు. చొక్కా లేచింది. ఏడో నంబరు. దాని పైన మంత్రిగారి పేరు. ఘనత ఆటగాడిది కాదు, ఆ ఎనిమిదేళ్లూ క్లబ్బును నడిపించిన నాయకత్వానిదని రెండో పేజీలో సవివరంగా ఉంది.

సగం దూరం వెళ్లాక చొక్కా బాస్కెట్ రింగుకు తగులుకుంది. ఇంకా లాగితే చిరిగేలా ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్లు కుర్చీలెక్కి చేతులు చాచారు. అందలేదు. మంత్రిగారి నవ్వు సన్నగిల్లింది.

ఆరున్నర లేచి రింగు దగ్గరికి వచ్చాడు. రెండడుగులు పరిగెత్తి, మంచి కాలి మీద ఎగిరి, వేళ్ల కొసలతో చొక్కాను విడిపించాడు. దిగుతూనే మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. హాలంతా చప్పట్లు. చొక్కా పైకప్పు దాకా వెళ్లింది. చప్పట్లను మంత్రిగారు వినమ్రంగా, రెండు చేతులూ జోడించి స్వీకరించారు.

మాస్టారు భుజం పట్టి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. "నీకెందుకురా? ఎందుకు విడిపించావు?"

అతను మోకాలు నిమురుకుంటూ అన్నాడు: "ఇంకెవరికీ అందట్లేదు మాస్టారూ."