కిటికీ పక్కన సీటు

కండక్టరమ్మ రిటైరై వారమైంది. ఆ పొద్దున ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది: బస్సెక్కాలి, కిటికీ పక్కన కూర్చోవాలి, కిమ్మనకుండా కూతురింటికి చేరాలి. ఉద్యోగమంతా ఊరందరినీ కూర్చోబెట్టిందే గానీ తను కూర్చుని ఎరగదు.

"నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావంటే వారం రోజులు అంట్లు నేను తోముతా," అన్నాడు కుట్టుమిషను ముందున్న భర్త.

"ఆ సబ్బేదో ఇప్పుడే కొని పెట్టుకోండి," అందామె.

పైకి అంత ధీమాగా అన్నా లోపలంతా దిగులే. ఇంట్లో ఆమె "జరగండి" అంటే జరిగేవాళ్లే లేరు. తన గొంతుతో ఇక ఎవరికీ పని లేదనిపించి, వారంగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఎక్కిన బస్సుకు డ్రైవరు పాతవాడే. కండక్టరు మాత్రం కొత్త పిల్ల. ఆ పిల్ల "రైట్" అంటే పక్క సీటుకు కూడా వినపడదు. దాంతో ప్రతి స్టాపులోనూ బస్సు తెమలడం లేదు. కండక్టరమ్మ పళ్ల బిగువున ఓర్చుకుంది. మూడో స్టాపులో ఒక ముసలాయన మూట దించడానికి పిల్ల కిందికి దిగింది. ఎవరో తలుపు దభీమని వేశారు. ఆ చప్పుడు చెవిన పడిందో లేదో, "రైట్ రైట్!" అనేసింది కండక్టరమ్మ నోరు, ఆమెను అడక్కుండానే. ఏళ్ల తరబడి ఆ గొంతుకే బండి నడిపిన డ్రైవరు వెనక్కి చూడకుండా దౌడు తీయించాడు.

"అయ్యో, కండక్టరు కిందే ఉండిపోయింది!" అని జనం గొల్లుమనేసరికి బస్సు వంతెనెక్కింది. అక్కడ ఆపడానికి వీల్లేదు. దాటాక, పిల్ల వెనక బస్సులో డిపోకు వచ్చేస్తుందిలే అని డ్రైవరు అలాగే పోనిచ్చాడు. ఆ పిల్ల ఏడుస్తూ వెనకొచ్చిన బస్సెక్కింది. దాని డ్రైవరు జాలిగుండెవాడు, స్టాపులన్నీ వదిలేసి తరుముకొచ్చాడు. అలా ఒక బస్సులో ఇద్దరు కండక్టర్లు, ఒక బస్సులో సున్నా. వెనక బస్సులో దిగాల్సినవాళ్లు దిగలేక లబోదిబోమంటుంటే, ముందు బస్సులో ఎక్కినవాళ్లు తలుపు దగ్గరే గుంపు కట్టారు.

కండక్టరమ్మకు అంట్లు గుర్తొచ్చాయి. అయినా లేచింది.

"ముందుకు జరగండి బాబూ, లోపలంతా ఖాళీయే! అమ్మా, ఆ బుట్టకెందుకు సీటు? ఒళ్లో పెట్టుకో!"

జనం జరిగారు! ఆమె ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో కూతురిల్లు ఎప్పుడు దాటిపోయిందో కూడా చూసుకోలేదు.

డిపోలో మేనేజరు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక బస్సు దిగిన పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ పిల్లనేమీ అనకండి సార్, తప్పు నాది," అంది కండక్టరమ్మ.

"మీరు రిటైరయ్యారు కదమ్మా!"

"నేనయ్యాను సార్. నా నోరే ఇంకా కాలేదు."

మేనేజరుకు నవ్వాగలేదు. "మీ కేక గేటు అవతల నుంచే వినపడింది. మా కొత్తవాళ్లకేమో గొంతే పెగలదు. రేపట్నుంచి వచ్చి నేర్పిస్తారా?"

"వస్తాను సార్," అంది ఆమె. ఆ ఒక్కసారి మాత్రం గొంతు సరిగా రాలేదు.

ఆ సాయంత్రం అంట్లన్నీ తనే తోముకుంది, కూనిరాగాలు తీస్తూ. మర్నాడు కొత్తవాళ్లందరినీ వరుసగా నిలబెట్టి మొదటి పాఠం చెప్పింది:

"రైట్ అనే ముందు, కండక్టరు ఎక్కిందో లేదో చూసుకోండి."