అమాసనాడు నేసిన డబ్బా

మగ్గాల గల్లీలో నెలకొక్కరోజే నిశ్శబ్దం. అమావాస్యనాడు అక్కడ ఎవరూ నేయరు. అందుకే మానస ఆ రోజును ఎంచుకుంది. హైదరాబాద్ నుంచి కృష్ణకాంత్ వీడియో కాల్‌లో ఆమె వాయించేది చూస్తాడు, వింటాడు. ముప్పావు గంట ఎక్కడా తెగకుండా సాగితే, వచ్చే నెల అతను పెట్టే సంగీత సభలో ఆమెకు చోటు. మధ్యలో ఆగిందా, ఆ చోటు ఇంకొకరిది.

ఆమె దగ్గరున్నది ఒక సీక్వెన్సర్, పదహారు బొత్తాల నల్ల డబ్బా. నొక్కిన బొత్తం వెలుగుతుంది. వంతు రాగానే దానికిచ్చిన చప్పుడు చేస్తుంది. చివరిదాకా పోయి వరస మళ్ళీ మొదటికొస్తుంది. ఒక చప్పుడు తీసేలోగా ఇంకోటి ఎక్కించుకుంటే పాట తెగదు.

మొదటి చప్పుడు తాత మగ్గానిది. ఆయన ఉండగా ఫోన్‌లో పట్టుకున్నది. ఆయన పోయాక మగ్గం అమ్మేశారు, కాళ్ళు పెట్టుకునే గుంట మీద చెక్కలు పరిచారు. ఆ చప్పుడు నాయనమ్మకు, అంటే అవ్వకు, మాత్రం మానస ఎన్నడూ వినిపించలేదు. అవ్వ ఏడుస్తుందని భయం. తనకూ ఏడుపొస్తుందని అంతకన్నా భయం. అందుకే ఆరోజు నాన్న డ్యూటీకి బయల్దేరగానే అవ్వను గుడికి తోలింది.

డబ్బాను గుంట చెక్కల మీద పెట్టి, ఫోన్‌ను గోడకు ఆనించి మొదలుపెట్టింది. టక్, ధడ్. టక్, ధడ్. నాలుగు దెబ్బలకోసారి చిన్న ఆలస్యం. మోకాలి నొప్పితో తాత తొక్కుడు అట్లాగే ఉండేది.

కాసేపటికే కిటికీలో పక్కింటి సోమమ్మ మొహం కనబడింది.

"అమాసనాడు నేసుడేందే పొల్లా? గల్లీకి అరిష్టం గాదు?"

మాట్లాడితే ఫోన్‌లో పడుతుంది. 'నేను కాదు, పో' అన్నట్టు మానస చేయి ఊపింది. సోమమ్మ లోపలికి తొంగి చూసింది. నేసే మనిషి లేడు. అసలు మగ్గమే లేదు. చప్పుడు మాత్రం గుంట దగ్గర్నుంచే వస్తోంది.

"ఓ వెంకటరాజం మామా! మీ బావ మగ్గమెక్కిండు!"

వెంకటరాజం అవ్వకు తమ్ముడు, తాతకు బావమరిది, కులపెద్ద. గల్లీ మొత్తాన్ని వెంటబెట్టుకొని వచ్చి, గడపలో నిలబడి చెవి పెట్టాడు. ఆయన మొహం తెల్లబోయింది.

"గా కుంటుడు మా బావదే. ఈ గల్లీల ఇంకెవ్వని మగ్గం గిట్ల కుంటది?" అని చేతులు జోడించాడు. "బావా, బతికినన్ని దినాలు అమాస తప్పలే నువ్వు. పోయినంక గిదేం బుద్ధి?"

డబ్బా టక్, ధడ్ అంది.

"ఇంటలేడు," అన్నాడు వెంకటరాజం.

"బతికున్నప్పుడు ఇన్నడా?" అంది సోమమ్మ.

"కల్లు కోసమైతది. సాక వోయాలె."

ఎవరో ఉరికి సీసా తెచ్చారు. వెంకటరాజం గుంట మీద, అంటే డబ్బా మీద, కల్లు వంపబోయాడు. మానస ఎడమచేత్తో సీసా మూతి మూసి, కుడిచేత్తో ఇంకో చప్పుడు ఎక్కించింది.

"అయ్యో, పిల్ల చేతులు సూడుండ్రి! వాటంతట అవే ఆడుతున్నయి. తాత మీదికొచ్చిండు!" అని సోమమ్మ గావుకేక పెట్టింది. ఇద్దరు వేపమండలకు పరుగెత్తారు. ఫోన్‌లో కృష్ణకాంత్ రెప్ప వేయడం లేదు.

అప్పుడు గుడి నుంచి అవ్వ వచ్చింది.

"అక్కా, బావ..." అన్నాడు వెంకటరాజం.

"ఇనబడ్తాంది తియ్."

అవ్వకు అందరూ దారిచ్చారు. ఒకప్పుడు తాత మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చునే మూలకే పోయి కూర్చుంది.

"ఏడున్నడు బిడ్డా?"

"ఫోన్ల పట్టిన చప్పుడవ్వా. గీ డబ్బాల పెట్టిన."

జ్వరం చూసినట్టు అవ్వ డబ్బా మీద అరచేయి ఆనించింది. అనుకున్న ప్రకారం అక్కడ మగ్గం చప్పుడు తగ్గించి వేరేది ఎత్తుకోవాలి. మానస వేలు మీట మీదే ఉండిపోయింది. గల్లీ మొత్తం కదలకుండా వింది.

"ఇగ ఆపు బిడ్డా," అంది చివరికి అవ్వ. "అమాస గదా. ఆయనకు నచ్చది."

మానస ఫోన్ వైపు చూసింది. అవ్వ వైపు చూసింది. ఆపేసింది.

"ఏమైంది? సగం కూడా కాలేదు!" అన్నాడు కృష్ణకాంత్.

"మా దగ్గర ఇయ్యాల నేయరు సార్."

"మధ్యలో ఆపేవాళ్ళకు స్టేజీ ఇవ్వలేనమ్మా." ఫోన్ నల్లబడింది.

"ఎవలే ఆయన?" సోమమ్మ గుసగుసగా అడిగింది. "ఆయన గూడ పోయినోడేనా?"

తెల్లవారి గల్లీలో మగ్గాలన్నీ మొదలయ్యాయి. మానస డబ్బాను అట్టపెట్టెలో సర్దబోతుంటే అవ్వ వచ్చి చేయి పట్టుకుంది.

"పెట్టు. ఇయ్యాల దోషం లేదు."

మానస పెట్టింది. ముప్పావు గంట దాటింది, పొద్దు నడినెత్తికొచ్చింది. ఎక్కడా తెగలేదు. తెగలేదని చెప్పుకోవడానికి మాత్రం ఫోన్‌లో ఎవరూ లేరు.

"అవ్వా, ఆకలైతాంది. జర ఆపుదునా?"

"నువ్వు వోయి తినిరా," అంది అవ్వ, గుంట మీంచి చూపు తిప్పకుండా. "ఆయనకింక ఆకలైనట్టు లేదు."