సగం క్షవరం

ఆ ఉదయం పన్నుల అధికారి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. క్షవరం చేయించుకుని, ఆఫీసుకెళ్ళి, తనిఖీకొచ్చే పెద్దాఫీసరు పెట్టే చీవాట్లు నీటుగా వినాలి. ఏడాది ముగుస్తోంది, వసూళ్ళు సగం కూడా దాటలేదు. ఈ పూటతో లెక్క తేలకపోతే బదిలీ ఖాయం. భార్య ఈ మధ్యే కుట్టుషాపు తెరిచింది. షాపు వదిలి ఆవిడ రాదు, ఆవిడను వదిలి ఈయన ఉండలేడు.

సెలూన్‌లో కూర్చున్న మనిషి ఊరికే ఉండొచ్చు కదా! ఏ షాపుకెళ్ళినా కుర్చీలు లెక్కపెట్టి పన్ను అంచనా వేయడం ఆయనకు అలవాటైపోయింది. సగం తల పూర్తయ్యేసరికి అద్దంలో చూస్తూ, "మూడో కుర్చీ కొత్తదా?" అన్నాడు.

సెలూన్ యజమాని గుండెల్లో రాయి పడింది. అతను రెండింటికే పన్ను కడుతున్నాడు, అదీ నిరుటి వరకే. "ఒక్క నిమిషం సార్!" అంటూ గల్లాపెట్టె చంకన పెట్టుకుని పన్నులాఫీసుకు పరుగు తీశాడు.

"ఏమైందయ్యా?" అని కిరాణా షాపాయన కేకేశాడు.

"కుర్చీలు లెక్కపెడుతున్నారు!"

ఎంతకీ అతను తిరిగి రాకపోతే అధికారే వెతుక్కుంటూ వీధిలోకొచ్చాడు. మెడలో తువ్వాలు, తలకి ఒకపక్క పొద, ఒకపక్క కోసిన చేను.

"క్షవరం మధ్యలో లేచొచ్చాడంటే ఎంత మండిపోతున్నాడో!" అన్నాడు కిరాణా ఆయన, షట్టరు దించుతూ.

అధికారి ఎవరిని ఆపి అడగబోయినా "ఇప్పుడే కట్టేస్తాం సార్!" అని పారిపోయేవాడే. వీధి చివరికొచ్చేసరికి వార్త బాగా ముదిరింది.

"కట్టనివాళ్ళకి సగం తల గొరిగిస్తారట!"

"అవునట, ఎలా ఉంటుందో ముందు ఆయనే చేయించుకుని చూపిస్తున్నాడు."

అధికారి ఆఫీసు చేరేసరికి పన్ను కట్టేవాళ్ళ వరుస గేటు దాటింది. బదిలీ ఉత్తర్వుతో వచ్చిన పెద్దాఫీసరు జనాన్ని చూశాడు, ఆ తలను చూశాడు.

"ఏం చేశావయ్యా?"

"క్షవరానికెళ్ళాను సార్."

"మిగతా సగం వచ్చే ఏడాదికి దాచుకో" అని ఉత్తర్వు చింపేశాడు.

అధికారికి ఆనందంతో కాళ్ళు నేలమీద ఆగలేదు. భార్యకు ఈ మాట చెప్పాలని బయటికి పరిగెత్తాడు. ఆవిడ వరుస చివరే నిలబడి ఉంది.

"నువ్వేంటి ఇక్కడ?"

"షాపు పన్ను. నేను కట్టేస్తాలే అన్నారుగా, కట్టలేదట. మీకైతే ఎలాగో బాగానే ఉంది గానీ, నాకు సగం గుండు వద్దండీ."

అధికారి జుట్టున్న వైపు తల గోక్కుని, తువ్వాలు సర్దుకుని, ఆవిడ వెనక నిలబడ్డాడు.